ధూమకేశుడి పన్నాగానికి సవరణలు

ముక్కామల శాఖా గ్రంథాలయం నుంచి చిట్టూరి మందాకిని అనే ఏడో తరగతి పిల్ల రాసిన ఉత్తరం ఇంకా నా డ్రాయరులోనే ఉంది.

"సూత్రధారి గారికి నమస్కారములు. మూడో భాగం ఆఖర్న ధూమకేశుడు నా గొంతు దొంగిలించి కుండలో పెట్టేశాడు. గొంతు పోయినవాళ్లు ఆటలో మాట్లాడకూడదని మీరే రాశారు. అందుకని ప్రతి ఆదివారం ఆటకి వెళ్లి నోరు మూసుకుని కూర్చుంటున్నాను. ఏడాదిన్నర అయ్యింది. మా చెల్లి దీన్ని బాగా అలుసుగా తీసుకుంటోంది. నాలుగో భాగం ఎప్పుడు వేస్తారు?"

ఏం చెప్పమంటారు? నాలుగో భాగం నేను రాసి పారేసి పద్నాలుగు నెలలు. మాంత్రికుడు సిద్ధంగా ఉన్నాడు, గుహ సిద్ధంగా ఉంది, కుండ కూడా సిద్ధమే. లేనిదల్లా అనుమతి.

నా పేరు మేడిశెట్టి ఏకాంబరం. రాష్ట్ర బాలవినోద గ్రంథ మండలిలో కథా సహాయకుణ్ణి. మా ఆఫీసు కాకినాడలో ఒకప్పటి ఉప్పు గిడ్డంగి. వానాకాలం వస్తే గోడలకి చెమటలు పడతాయి, పనిచేసేది అవొక్కటేనని జనం అంటారు. మా మండలి పుణ్యాన అచ్చయిన 'సప్తదుర్గం' అనే సాహసాల ఆట నేను అల్లిందే. ఒకరు సూత్రధారిగా కూర్చుని పుస్తకం చూస్తూ కథ చెబుతారు. నలుగురైదుగురు పిల్లలు వీరులవుతారు. ఎదురుగా రాక్షసుడొస్తే నరుకుతారో, పారిపోతారో, బతిమాలతారో వాళ్ల నోటితో వాళ్లే చెప్పి పాచికలు వేస్తారు. పాచిక ఎటు దొర్లితే కథ అటు. విడ్డూరం ఏమిటంటే పిల్లలు దీన్ని నిజంగానే ఆడారు. మండలి పుస్తకాన్ని జనం అట్ట తిప్పి చూడటం అదే మొదలు, దాంతో పైవాళ్ల కన్ను దానిమీద పడింది.

నేను రాసిన పన్నాగం చాలా సాదాగా ఉంటుంది. జాతరలో ఊరంతా ఒక్కసారిగా కేకపెట్టే వేళకి ధూమకేశుడు ఆకాశంలో ఎగురుతూ వచ్చి, నల్లకుండ మూత తీసి గొంతులన్నీ అందులోకి లాగేస్తాడు. ఆపైన వాడేం చేసినా అడిగే నోరుండదు. వీరులు గుహలో దూరి కుండ పగలగొట్టాలి. పగిలితే ఎవరి గొంతు వాళ్లకి వస్తుంది, మందాకినికి కూడా.

ఇంతలో ఓ ఏనుగు వచ్చి నా కొంప ముంచింది. మండలి వేసిన బొమ్మల పుస్తకంలో అది రెండు కోతుల్ని ఎక్కించుకుని సైకిలు తొక్కుతుంది. ఎవరో పెద్దమనిషి చూసి "బాధ్యత గల సంస్థ పుస్తకంలో ముగ్గురెక్కిన సైకిలా?" అని నిలదీశాడు. వారం తిరక్కుండా పంతొమ్మిదో నంబరు సర్క్యులర్ దిగింది. "మండలి ప్రచురణలయందలి ఏ పాత్రయైనను, మానవ, పశు, పక్షి, పిశాచాది భేదము లేక, అమలులోనున్న యే నియమమును ఉల్లంఘింపరాదు." ఆ దెబ్బకి దొంగపిల్లి కథలో పిల్లి పాలకేంద్రంలో పేరు రాయించుకుని వరసలో నిలబడింది. దెయ్యాల కథలో దెయ్యం పగలు పది నుంచి ఐదు వరకే పట్టడం మొదలెట్టింది.

తర్వాతి వంతు నా మాంత్రికుడిది.

సవరణ సంఘం మొదటి సమావేశానికి ముగ్గురం కూర్చున్నాం. డైరెక్టరు దండిభొట్ల వైకుంఠరావు గారు, నియమ పరిశీలనాధికారి త్రినాథమూర్తి గారు, నేను. త్రినాథమూర్తి గారు మంచివారే. కానీ నియమం కనబడితే ఆయనకి ఆకలి దప్పికలుండవు. నా రాతప్రతికి పదిహేడు చోట్ల పసుపు చీటీలు అంటించి తెచ్చారు.

"సదరు మాంత్రికుడు ఎవరి అనుమతితో ఎగురుచున్నాడు?"

"మంత్రంతో ఎగురుతాడండీ."

"మంత్రం సాధనం. నేనడిగేది అనుమతి." చీటీ తిప్పారు. "కుండ కొలత ఎంత? ముద్ర ఉందా? గొంతుల యజమానుల నుంచి అంగీకార పత్రాలు తీసుకున్నాడా? జాతరకి ఫైరింజను వచ్చిందా?"

"అయ్యా, వాడు దుర్మార్గుడండీ! అంగీకారం అడిగి దొంగతనం చేస్తాడా?"

వైకుంఠరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన తుడుచుకున్నారంటే ఉపన్యాసం వస్తోందన్నమాట. "ఏకాంబరం, దుర్మార్గానికి మండలి వ్యతిరేకం కాదయ్యా. క్రమశిక్షణ లేని దుర్మార్గానికే వ్యతిరేకం. వాడు చెయ్యదలచిన చెడ్డ యేదో పద్ధతి ప్రకారం చెయ్యనీ. పిల్లలకి ఆదర్శంగా ఉంటుంది."

టీలు తెచ్చిన అటెండరు భ్రమరాంబ గుమ్మంలోనే ఆగిపోయి, "ఆయ్, దొంగెదవకి కూడా దరఖాస్తేంటండి బాబూ!" అంది. ఆమెని బయటికి పంపించేశారు.

నాకు ఒళ్లు మండింది. అయినా మందాకిని గుర్తొచ్చింది. సరే, దరఖాస్తులే కావాలంటే దరఖాస్తులే అనుకుని రాశాను. ధూమకేశుడు కొలువు చుట్టూ తిరిగి పదిహేడు అనుమతులూ తెచ్చుకుంటాడు. అయితే మరో నియమం ఉంది. సవరించిన ఆటని సంఘ సభ్యులు స్వయంగా ఆడి చూసి ధ్రువీకరించాలి. వైకుంఠరావు గారు కత్తివీరుడయ్యారు, త్రినాథమూర్తి గారు విలుకాడయ్యారు. కోరం చాలక భ్రమరాంబని కూడా కూర్చోబెట్టారు. నేను సూత్రధారిని.

"గుహ ముందు రాక్షసుడు కాపలా ఉన్నాడు. నోట్లోంచి మంటలు కక్కుతున్నాడు. ఏం చేస్తారు?" అన్నాను గొంతు బరువుగా పెట్టి.

"వాడి హోదా ఏమిటి?" అన్నారు డైరెక్టరు గారు.

"ద్వారపాలకుడండీ."

"పర్మనెంటా?"

"కాదండీ, కాంట్రాక్టే," అని నోరు జారాను.

"అయితే నేను వాడితో నేరుగా మాట్లాడటం మర్యాద కాదు. వాడి పైవాణ్ణి పిలిపించు. కూర్చోడానికి ఏదైనా వెయ్యమను."

"ఎహె, నేను కత్తుచ్చుకుని నరికేత్తానండి," అంది భ్రమరాంబ పాచిక పట్టుకుని.

"ఆగు భ్రమరాంబా! ముందు నోటీసివ్వాలి."

నోటీసిచ్చారు. రాక్షసుడు జవాబిచ్చాడు. జవాబు సంతృప్తికరంగా ఉందని వాణ్ణి ఉపసంఘంలో సభ్యుడిగా వేసుకున్నారు. అప్పటికి ధూమకేశుడు కాగితాల కట్ట చంకనెట్టుకుని వచ్చాడు. ఫోటో లేదని ఒకసారి, ఫోటోలో జడలు కళ్లకి అడ్డంగా ఉన్నాయని రెండోసారి తిప్పి పంపారు. కథలో ఏడాది తిరిగి వాడు మూడోసారి వచ్చేసరికి వీరులకి జాలేసింది. "పాపం, పెద్దాయన, ఎండలో తిరుగుతున్నాడు," అని డైరెక్టరు గారే సంతకం పెట్టి, గొంతులు తీసుకోడానికి అనుమతి ఇచ్చేశారు.

"రాజ్యం పోయిందండీ," అన్నాను.

"పోతే పోయింది. ఫైలు సక్రమంగా ఉంది."

హమ్మయ్య, ఇక అచ్చుకి వెళ్తుందని లేవబోయాను. వైకుంఠరావు గారు మళ్లీ కళ్లజోడు తీశారు. "ఒక్క లోటుందయ్యా. మాంత్రికుడి పని కావడానికి ఏడాది పట్టింది. నియమాల వల్ల ఆలస్యం అవుతుందన్న తప్పుడు భావన పిల్లల్లో నాటుకుంటుంది. సవరించు. నియమం తప్పకూడదు, ఆలస్యం కాకూడదు, గొంతులు మాత్రం పోవాలి."

ఆ వారంలోనే ముక్కామల నుంచి కార్డు వచ్చింది. ఒకవైపు మండలి చిరునామా ఉంది. రెండో వైపు తిప్పితే ఏమీ లేదు, తెల్లగా ఉంది. పిల్ల ఉత్తరాల్లో కూడా మాట్లాడటం మానేసిందన్నమాట. ఆ తెల్ల కార్డు చూస్తే నాకు ఏడుపొచ్చింది, ఆ వెనకే కోపమొచ్చింది. ఆ కోపంలో కూర్చుని ఒక్క బిగిన పన్నాగం మొత్తం తిరగరాశాను.

ఈసారి ధూమకేశుడు ఎగరడు, మంత్రం చదవడు. గుహ ముందు చలవపందిరి వేయించి, మజ్జిగ ఇప్పించి, మధ్యలో నల్లకుండ పెడతాడు. దాని పేరు గోడుకుండ. కష్టం ఉన్నవాళ్లు కాగితమ్మీద రాసి అందులో వెయ్యాలి. వేసిన విషయం పరిశీలనలో ఉన్నట్టు. పరిశీలనలో ఉన్న విషయం గురించి, పరిశీలన ముగిసేదాకా, వేసినవాళ్లు ఎవరితోనూ నోరెత్తకూడదు. పరిశీలన ఎప్పుడు ముగియాలన్నది మాంత్రికుడి ఇష్టం. జనం సంతోషంగా వచ్చి, వరసలో నిలబడి, మజ్జిగ తాగి, వాళ్ల గొంతులు వాళ్లే కుండలో వేసిపోతారు. నా జన్మలో ఇంత నీచమైన పన్నాగం రాయలేదు. ఇది చదివితేనైనా వీళ్లకి సిగ్గేస్తుందనుకున్నాను.

వైకుంఠరావు గారు రెండుసార్లు చదివారు. చదువుతుంటే ఆయన కళ్లు చెమర్చాయి.

"ఇదయ్యా సుపరిపాలన అంటే!"

"సార్, ఇది దుర్మార్గమండీ!"

"ఎక్కడ? వేలు పెట్టి చూపించు."

"నేనూ వెతికాను," అన్నారు త్రినాథమూర్తి గారు దిగులుగా. "ఒక్క చీటీ అంటించడానికి చోటు దొరకలేదు."

ఆపైన మిగిలింది వాళ్లే తేల్చేశారు. ధూమకేశుడు నియమం తప్పనప్పుడు వాడు దుర్మార్గుడు కాడు. వాడు దుర్మార్గుడు కానప్పుడు వాడి కుండ పగలగొట్టేవాళ్లు వీరులు కారు, అల్లరిమూక. కుండ పగలగొట్టే పేజీ కొట్టేశారు. వీరులు గోడు రాసి కుండలో వేసి క్షేమంగా ఇళ్లకి చేరాలని కొత్త ముగింపు.

"మరి మందాకిని గొంతు?" అన్నాను.

"అర్జీ పెట్టుకోమను."

"ఆ కుండలోనే కదండీ గొంతుంది!"

"అందుకే ఆ కుండలోనే వెయ్యమను. సంబంధిత కుండ అదే కదా."

పెనం మీంచి పొయ్యిలో పడటం అంటే ఏమిటో ఆ మర్నాడు తెలిసింది. ఇంత గొప్ప ఆలోచన పుస్తకంలో మగ్గిపోవడం ఎందుకని డైరెక్టరు గారు దాన్ని మా ఆఫీసులోనే అమల్లో పెట్టేశారు. వరండాలో నిజంగానే నల్లకుండ వెలిసింది. పుస్తకం విడుదల సభకి ఇంకో కుండ కావాలంటే త్రినాథమూర్తి గారు ఒప్పుకోలేదు. ఒకే వస్తువు రెండుసార్లు కొనరాదట. అంచేత "ఆటయందలి కుండయు, ఆఫీసు కుండయు ఒక్కటియే" అని డైరెక్టరు గారు ఉత్తర్వు మీద సంతకం చేశారు.

మొదటి గోడు నాదే. నా మాంత్రికుణ్ణి దుర్మార్గుడిగానే ఉంచండి బాబూ అని రాసి వేశాను. వేసిన క్షణం నుంచీ ఆట గురించి నేను నోరెత్తడానికి లేదు. తర్వాత భ్రమరాంబ టీ పొయ్యి గురించి వేసింది. త్రినాథమూర్తి గారు కాలు విరిగిన తన కుర్చీ గురించి వేశారు. డ్రైవరు సింహాద్రి డైరెక్టరు గారి కారు బ్రేకుల గురించి వేశాడు. నెల తిరిగేసరికి ఆఫీసులో అందరూ కుక్కిన పేనల్లే పడి ఉన్నారు. టీ ఎందుకు రావట్లేదని అడిగితే భ్రమరాంబ ఆకాశం వైపు చూపిస్తుంది. త్రినాథమూర్తి గారు గోడకి ఆనుకుని, లేని కాలి మీద భారం వెయ్యకుండా మూణ్ణెల్లు సంతకాలు చేశారు. సింహాద్రి మొదటి గేరు దాటకుండా కారు తెచ్చి, వాకిట్లో ఉన్న ఇసుకగుట్టకి మెల్లగా ఆనించి ఆపేవాడు. "ఎంత నేర్పయ్యా వీడికి!" అని డైరెక్టరు గారు మురిసిపోయేవారు. నెలవారీ నివేదికలో "నోటి ఫిర్యాదులు: సున్నా" అని ఆయనే స్వయంగా ఎర్రసిరాతో రాసేవారు. కుండలో చెయ్యి పెట్టి ఒక్క కాగితం తీసి చూసినవాళ్లు మాత్రం లేరు.

ఆఖరికి నాలుగో భాగం విడుదల సభ రానే వచ్చింది. తొలి ఆట ఆడటానికి ముక్కామల పిల్లల్ని పిలిపించారు. డైరెక్టరు గారి కారు వచ్చి ఆగాక, వాకిలి అందంగా ఉండాలని ఇసుకగుట్ట ఎత్తించేశారు. సింహాద్రి అది చూసి చెయ్యెత్తాడు, నోరు తెరిచాడు, విషయం పరిశీలనలో ఉందని గుర్తొచ్చి మళ్లీ మూసుకున్నాడు.

మందాకినిని నేను అప్పుడే చూశాను. రెండు జడలు, అట్టకత్తి, బిగించిన పెదాలు. పక్కన చెల్లెలు కావేరి. "మా అక్క గొంతు కుండలో ఉందండి, ఏదైనా నేనే చెప్తానండి. దాని వంతు లడ్డూ నన్ను తినమంటందండి," అని అక్క వంతు లడ్డూ కూడా తినేసింది. మందాకిని కళ్లలోంచి నిప్పులు రాలాయి గాని మాట రాలేదు. ఎంత నిజాయితీ పిల్ల! నాకు వెళ్లి క్షమించమని అడగాలనిపించింది. అదీ ఆట విషయమే, నోరెత్తకూడదు. ఉత్తినే చేతులు జోడించాను.

నేను మూగవాణ్ణి కాబట్టి డైరెక్టరు గారే సూత్రధారి పీట మీద కూర్చున్నారు. కుండని వేదిక మధ్యలో పెట్టారు. "వీరులారా! ఎదుట నున్నది గోడుకుండ. మీ మీ కష్టములను లిఖితపూర్వకముగా నందు వేసి, స్వగృహములకు క్షేమముగా చేరవలెను. ఆట సమాప్తము."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అంతేనాండి?" అంది కావేరి.

మందాకిని లేచింది. కుండ వైపు వేలు చూపించి, పిడికిలి బిగించి గాల్లో గుద్దింది.

"బద్దలు కొడతానంటందండి."

"అటువంటి అవకాశం పుస్తకంలో లేదమ్మా."

మందాకిని సంచీలోంచి చిరిగిపోయిన మొదటి భాగం తీసింది. నాలుగో పేజీ తెరిచి, ఒక వాక్యం మీద వేలు పెట్టి, తిన్నగా త్రినాథమూర్తి గారికి చూపించింది. నియమం కనబడగానే ఆయన లేచి నిలబడి పైకి చదివారు. "ఆటగాడు ఏం చేస్తానన్నా సూత్రధారి వద్దనరాదు. పాచిక వెయ్యమనాలి." తర్వాత అట్ట తిప్పి చూసి, "మండలి ఆమోదముద్ర ఉంది సార్. మీ సంతకం కూడా," అన్నారు.

"అయితే ఏమంటావ్?"

"వద్దంటే నియమ ఉల్లంఘన అవుతుంది. సూత్రధారి కూడా పాత్రే కాబట్టి పంతొమ్మిదో సర్క్యులర్ వర్తిస్తుంది."

"ఎంత పడాలేంటి?" అన్నారు డైరెక్టరు గారు పళ్లు నూరుతూ.

"రెండు పాచికలకీ కలిపి పదో, పైనో."

మందాకిని పాచికలు నుదుటికి ఆనించుకుని విసిరింది. ఒకటి ఆరు పడింది. రెండోది బల్ల అంచుదాకా దొర్లి, ఆగి, ఐదు చూపించింది. పిల్ల నా వైపు ఒకసారి చూసి కుండ రెండు చేతులా ఎత్తింది.

"అమ్మాయ్! అది ఆఫీసు కుండ!"

"రెండూ ఒక్కటేనని ఉత్తర్వు ఉంది సార్," అన్నారు త్రినాథమూర్తి గారు ఏడుపు గొంతుతో.

ఫెడేలుమంది. మూణ్ణెల్ల గోడు వేదిక నిండా పరుచుకుంది. అప్పుడు త్రినాథమూర్తి గారు పెంకు ముక్కల్ని చూస్తూ, మెల్లగా, తనలో తను లెక్క తేల్చుకున్నట్టు, "కుండే లేనప్పుడు పరిశీలనలో ఏదీ లేనట్టే కదా," అన్నారు. మరుక్షణం గొంతు చించుకుని అరిచారు. "సార్! నా కుర్చీకి కాలు లేదు సార్! మూణ్ణెల్ల నుంచీ గోడకి బల్లిలా అతుక్కుని ఉద్యోగం చేస్తున్నాను సార్!"

ఇక చూస్కోండి. "పొయ్యి ఎలగట్లేదండీ" అని భ్రమరాంబ, ఫ్యాను తిరగట్లేదని ఒకరు, కప్పు కారుతోందని ఒకరు, హాలంతా ఒక్కసారి డైరెక్టరు గారి మీదకి విరుచుకుపడింది. ఆ గోలలో మందాకిని చెల్లెలి జడ పట్టుకుని, దాదాపు రెండేళ్ల తర్వాత ఆటలో మొదటి మాట మాట్లాడింది. "ఇంటికి పద. నీ పని చెప్తాను." రెండో మాటకి పైకప్పు అదిరింది. "ఒసేయ్! మాంత్రికుడు పారిపోతన్నాడు! గేటెయ్యండే!"

నిజమే. వైకుంఠరావు గారు పక్కగుమ్మం లోంచి జారుకుని కార్లో దూరారు. "పోనీ, సింహాద్రీ, పోనీ!"

సింహాద్రి పోనిచ్చాడు. గేటు పిల్లలు మూసేశారు. కారు గేటు దాకా వెళ్లి, పక్కకి తిరిగి, జెండా స్తంభం చుట్టూ తిరగడం మొదలెట్టింది.

"ఆపవయ్యా!"

"అదేనండి అయ్యగారూ, మూణ్ణెల్లుగా చెబ్దామనుకుంటన్నాను. బ్రేకులు లేవండి."

ఆనించడానికి ఇసుకగుట్ట కూడా లేదు. మొదటి గేరులో, తీరిగ్గా, పెళ్లి ఊరేగింపు నడకలో కారు చుట్లు కొడుతోంది. మేమంతా మెట్ల మీద వరసగా నిలబడ్డాం. చుట్టుకొకరం చొప్పున మా గోడు చెప్పుకున్నాం, ఆయన అద్దంలోంచి విన్నారు. తప్పదు మరి. పన్నెండో చుట్టు నాది. "మాంత్రికుడు దుర్మార్గుడిగానే ఉండాలండీ! కుండ పగలాలండీ!" అని అరిచాను. "ఉండనీవయ్యా! పగలనీ! ముందు దీన్ని ఆపించు!" అంటూ ముందుకి సాగిపోయారు. "మౌఖిక ఆమోదం," అని త్రినాథమూర్తి గారు రాసుకున్నారు. పెట్రోలు అయిపోయేసరికి ఇరవై మూడు చుట్లయ్యాయి. అర్జీలన్నీ ఒక్కపూటలో విన్న డైరెక్టరు మండలి చరిత్రలో ఆయనొక్కరే.

నాలుగో భాగం నేను రాసినట్టే మళ్లీ అచ్చయింది. ఆఖర్న ఒక్క మార్పు చేశాను. కుండ పగిలాక ధూమకేశుడు ఎగిరే పీట ఎక్కి పారిపోబోతాడు. అది ఆగదు. వాడింకా కోట చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

మొన్న మందాకిని దగ్గర్నుంచి కార్డు వచ్చింది. రెండు వైపులా, అంచుల్లో, తపాలా బిళ్ల అంటించే చోట కూడా సందు లేకుండా రాసేసింది. పోస్టుమాన్ దాన్ని నాకెలా చేర్చాడో దేవుడికే తెలియాలి. అందులో ఆఖరి వాక్యం ఇది.

"సూత్రధారి గారూ, అయిదో భాగంలో మా చెల్లి గొంతు తీసెయ్యండి."